సీత చెప్పిన కత్తి కథ

కూర తరిగినా కత్తే, కుత్తుక కోసినా కత్తే, తప్పు చేతిది గానీ ఇనుముది కాదు అంటుంటారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది, ఎదురు చెప్పబుద్ధి కాదు. వాల్మీకి రామాయణంలో సీత మాత్రం ఎదురు చెప్పింది.

సుతీక్ష్ణుడి ఆశ్రమం నుంచి బయల్దేరిన పొద్దున అన్నదమ్ములిద్దరికీ అమ్ములపొదులు, విళ్లు, నిగనిగలాడే రెండు కత్తులు అందించింది ఆమే. అందించి, దారి పట్టాక మాట ఎత్తింది. అరణ్యకాండ తొమ్మిదో సర్గ అంతా ఆ మాటే. రాక్షసుల్ని చంపుతానని దండకలో మునులకు రాముడు అప్పటికే మాటిచ్చేశాడు. మనకు ఏ అపకారమూ చేయనివాళ్ల మీద, పగంటూ లేకుండా, విల్లెత్తడం నాకు నచ్చలేదంది సీత. అని ఊరుకోకుండా ఒక కథ చెప్పింది. పూర్వం ఓ పుణ్యవనంలో ఒక ముని తపస్సు చేసుకుంటున్నాడు. అది చెడగొట్టాలని ఇంద్రుడు భటుడి వేషంలో వచ్చి, తన కత్తిని ఇల్లడ పెట్టి వెళ్లాడు. ఒకరు నమ్మి అప్పగించిన సొమ్ము పోతే పరువు పోతుంది కదా. అందుకని ముని ఎటు వెళ్లినా కత్తిని వెంటబెట్టుకునే వెళ్లేవాడు. పళ్లకీ దుంపలకీ అడవిలోకి వెళ్లినా చేతిలో కత్తి ఉండాల్సిందే. పోనుపోను బుద్ధి కరుకెక్కింది, తపస్సు మీద ధ్యాస తప్పింది, చివరికి నరకానికి పోయాడు. నిప్పుతో పొత్తు ఎలాంటిదో ఆయుధంతో పొత్తూ అలాంటిదే అని కథ ముగించింది.

ఈ కథలో నన్ను భయపెట్టేది ముని మంచితనం. అతనికి ఎవరి మీదా కోపం లేదు, దేని మీదా ఆశ లేదు. నమ్మకంగా కాపలా కాశాడు, అంతే. మొదట ఆ చేతిలో ఏ తప్పూ లేదు.

నా దగ్గరా ఒక కత్తి ఉంది. నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. మొక్కల నమూనాల కోసం అనంతగిరి, చింతపల్లి, మారేడుమిల్లి అడవులు తిరగడం ఉద్యోగంలో భాగం, రిటైరయ్యాక అలవాటు. కత్తిని నర్సీపట్నం వైపు ఒక కమ్మరి లారీ కమాను పట్టీ ముక్కతో చేసిచ్చాడు. అలుగు నాలుగంగుళాలు. మడిచే రకం కాదు. అలుగు ఇనుమే పిడి చివరి దాకా సాగి ఉంటుంది, దానికి రెండు పక్కలా తుమ్మ చేవ బద్దలు, మూడు ఇత్తడి రివెట్లు. కొలిమిలో కాల్చి, దాగలి మీద సాగదీసి, చివర్లో అంచు వరకే నీళ్లకు తాకించి తీశాడు. అలుగంతా ముంచితే మొత్తం గట్టిపడి, రాయి తగిలినచోట పెచ్చు లేస్తుందట. వెన్ను కాస్త మెత్తగా ఉంటేనే అంచు నిలుస్తుందన్నాడు. తోలు ఒర మాత్రం విశాఖలో చెప్పులు కుట్టే అతను కుట్టాడు.

కొమ్మలు కత్తిరించడానికి సికేచర్ ఉంది కాబట్టి దీని పనులు వేరు. దుంప జాతి మొక్క చుట్టూ మన్ను వదులు చేయడం, గట్టి కాయని నిలువునా చీల్చి లోపల గింజల వరస చూడటం, నమూనాల కట్టకి పురికొస తెంపడం, మధ్యాహ్నం ఉల్లిపాయ తరగడం. ఇంతకంటే సాహసాలేమీ లేవు. ఒకసారి అడవి చెక్‌పోస్టులో దీన్ని ఒర లోంచి తీయించి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఆడవారు, మీకిదెందుకండీ?" అని అడిగారు. నా పక్కన నిలబడ్డ ఊరి పెద్ద నడుముకి ఇంతకు మూడింతల కత్తి వేలాడుతోంది, దాని జోలికి ఎవరూ పోలేదు. ఆయుధాల నిబంధనలు ఎప్పుడో చదివాను: ఇంటికీ పొలానికీ వాడే పనిముట్లను పక్కన పెడితే, అలుగు తొమ్మిదంగుళాల పొడవో రెండంగుళాల వెడల్పో దాటిన కత్తుల్నే అవి లెక్కలోకి తీసుకుంటాయి. సిక్కులు కృపాణం ధరించడాన్ని రాజ్యాంగం 25వ అధికరణంలోనే మతాచరణలో భాగంగా ఒప్పుకుంది. చట్టం అలుగు పొడవు కొలవగలదు. సీత కొలిచింది పట్టుకున్నవాడి బుద్ధి జరిగిన దూరాన్ని.

ఆ జరగడం ఎలా ఉంటుందో అడవిలో తిరిగేవాళ్లకి తెలుసు. కత్తి ఇంటి దగ్గర వదిలి వెళ్లిన రోజు చెట్టులో ఆకుల అమరిక కనిపిస్తుంది, బెరడు మీద లైకెన్ కనిపిస్తుంది. నడుముకి కత్తి ఉన్న రోజు, నిటారుగా ఎదిగిన లేత మొక్క చేతికర్రలా కనిపించడం మొదలవుతుంది. కోయాలని ఎవరూ అనుకోరు, కోతకు పనికొస్తుందా అని కన్ను తనంతట తాను లెక్క వేసుకుంటుంది. ఏ బ్యాచ్ పిల్లలకైనా ఇంతే. బుద్ధిమంతుడైన కుర్రాడికి కత్తి పట్టుకొమ్మని ఇచ్చి, నేను వెనక్కి తిరిగి నోట్సు రాసుకునేలోపు పక్కనున్న చెట్టు బెరడు మీద గీత పడేది. ఎందుకురా అంటే వాడికే తెలిసేది కాదు. చేయి ఊరికే ఉండలేకపోయింది. తప్పు చేతిదే అనే సామెత ఈ కుర్రాడిని చూడలేదు. ఇక్కడ ఇనుమే ముందు నడిచింది, చెయ్యి వెనకాల వెళ్లింది.

అయితే కత్తి పారేయాలా? పారేయమని సీత కూడా అనలేదు, అయోధ్యకు తిరిగి వెళ్లాక క్షత్రియ ధర్మం చూసుకోవచ్చులే అంది. నాకు ఈ కథలో పట్టు దొరికింది ఇంకోచోట. అడవికి బయల్దేరేముందు నారచీరలు కాక రాముడు అడిగి తెప్పించుకున్నవి రెండు: తవ్వే పనిముట్టు ఒకటి, బుట్ట ఒకటి. అయోధ్యకాండలో ఉంది. పద్నాలుగేళ్లు దుంపలు తిని బతకాల్సినవాడికి కావలసినవి అవే. సీత కథలో మునికీ కావలసినవి అవే. అతను దుంపల కోసం వెళ్లాడు, చేతిలో ఉన్నది మాత్రం యుద్ధపు కత్తి. దానితో దుంప తవ్వాడని గానీ, పండు కోశాడని గానీ, కట్టె చీల్చాడని గానీ వాల్మీకి చెప్పడు. దానికి అతని దగ్గర పనే లేదు. చేతిలో ఉంది, చేయడానికి ఏమీ లేదు, పోతుందేమోనన్న బెంగ ఒక్కటీ ఉంది. పనిలేని పదును ఆ బెంగనే పనిగా పెట్టుకుందని నాకనిపిస్తుంది. పనిలో ఉన్న కత్తికి రోజూ జవాబుదారీ ఉంటుంది: దుంప వచ్చిందా లేదా, వేరు తెగకుండా వచ్చిందా లేదా. కాపలా కత్తిని అడిగేవాళ్లు ఎవరూ లేరు.

ఇక్కడే మా చుట్టాలతో నాకు పేచీ. "ఒంటరిగా కొండల్లో తిరుగుతావు, పోనీలే, ఆత్మరక్షణకైనా పనికొస్తుంది" అంటారు. నా మేలు కోరే అంటారు, నాకు తెలుసు. ఆత్మరక్షణ తప్పని నేననను, ఈ దేశంలో ఆడదానికి ఆ మాట అనే తీరిక లేదు. కానీ ఆ సంగతి తలకెక్కిన క్షణం నుంచి ఒరలో ఉన్నది వేరే వస్తువు అవుతుంది. దుంప తవ్వే కత్తిని దారిలో ఎదురైన ప్రతి మనిషి మీదా మనసులో ఒకసారి పరీక్షించి చూసుకోవాల్సి వస్తుంది. వంటచెరకు మోసుకొస్తున్న ముసలాయన్ని కూడా. మునికి ఇల్లడ సొమ్ము ఎలాగో, మనకి భయం అలాగ: ఎక్కడికెళ్లినా వెంట ఉంచుకోక తప్పదు.

సీతకి రాముడు ఇచ్చిన జవాబు పదో సర్గలో ఉంది. కోప్పడలేదు. ప్రేమ కొద్దీ చెప్పావన్నాడు. దీనంగా ఏడ్చే గొంతు వినపడకూడదనే క్షత్రియులు విల్లు పడతారన్నాడు. ప్రాణమైనా, నిన్నైనా, లక్ష్మణుణ్ణైనా వదులుకుంటాను గానీ ఇచ్చిన మాట వదలనన్నాడు. గొప్ప జవాబే. విల్లుకి ఒక పని ఉందని చెప్పాడు. ఆ ముని కథకు మాత్రం జవాబు చెప్పలేదు. తరవాత పంచవటిలో శూర్పణఖ వచ్చింది. అన్నదమ్ములు ఆమెతో పరిహాసమాడారు, ఆమె సీత మీదికి దూకింది, లక్ష్మణుడు కత్తి దూసి ముక్కూ చెవులూ కోశాడు. ఇలాంటి క్రూరులతో పరిహాసం కూడదని ఆ క్షణంలో రాముడే అన్నాడు. సీతని కాపాడటానికే దూశారు, నిజమే. కానీ ఆ గాయం లంక దాకా వెళ్లి, సీతాపహరణంగా తిరిగొచ్చింది. దూసింది ఆమె అందించిన రెండు కత్తుల్లో ఒకటే అయి ఉంటుందని ఊహిస్తే, తొమ్మిదో సర్గ చదవడం ఇంకా కష్టమవుతుంది.

అన్నీ వదిలేసినవాళ్లు కత్తిని ఏం చేశారా అని వెతికితే బౌద్ధ భిక్షువు దగ్గర తేలింది. పాళీ సంప్రదాయంలో భిక్షువుకి ఉండదగిన వస్తువులు ఎనిమిది: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, నడికట్టు, సూది, నీళ్లు వడకట్టే గుడ్డ, ఒక చిన్న కత్తి. మా విశాఖ పక్కన తొట్లకొండ మీద రాతి గదుల పునాదులు చూసినప్పుడల్లా, ఏమీ లేని ఆ గదుల్లో ఒక మూల ఆ కత్తి ఉండేదా అనుకుంటాను. ఇల్లూ ఆలీ వద్దనుకున్నవాడికి కూడా పళ్లపుల్ల కోసుకునే పదును కావాలి. అయితే వినయపిటకం అదే భిక్షువుని పచ్చని మొక్కని కోయొద్దంది. ఆళవిలో ఒక భిక్షువు చెట్టు నరుకుతుంటే, అందులో ఉన్న దేవత బిడ్డ చేతికి దెబ్బ తగిలిందనీ, ఆమె వెళ్లి బుద్ధుడితో మొరపెట్టుకుందనీ, అప్పుడు ఈ నియమం పుట్టిందనీ కథ. ఆఖరికి గింజలున్న పండు తినాలన్నా, ముందు ఒక గృహస్థు కత్తితోనో గోటితోనో నిప్పుతోనో దాని మీద గాటు పెట్టి ఇవ్వాలి. కోసే పాపం పక్కవాడికి బదిలీ చేసినట్టుంది, నాకిది అంతగా రుచించదు. కానీ దగ్గర కత్తి ఉండి కూడా, ఏది కోయొచ్చో ఏది కోయకూడదో అడుగడుగునా అడగక తప్పని బతుకు అది. మునిని అలా అడిగినవాళ్లు లేకపోయారు.

మా తాతగారు కృష్ణయజుర్వేదం చదువుకున్నవారు. యజ్ఞంలో నాటే యూపస్తంభానికి చెట్టు కొట్టే విధానం ఆయన చెబుతుంటే చిన్నప్పుడు కథలాగా వినేవాళ్లం. యజ్ఞం చేయించే అధ్వర్యువు ముందు చెట్టు మీద ఒక దర్భపోచ అడ్డం పెడతాడు. ఆ పోచని, ఈ చెట్టుని కాపాడమంటాడు. గొడ్డలిని, దీన్ని హింసించొద్దంటాడు. అని, కొడతాడు! కూలే చెట్టుతో, కొసతో ఆకాశాన్ని గీరకు, మధ్యభాగంతో అంతరిక్షాన్ని నొప్పించకు అంటాడు. మిగిలిన మొదలు మీద నెయ్యి వేసి, నూరు చిగుళ్లతో మళ్లీ మొలవమంటాడు. మొదలు ఎంత ఎత్తున నరకాలో కూడా సంహితలోనే ఉంది: పైనుంచి బండి వెళ్తే ఇరుసు తగలకూడదు. దీక్షకు ముందు యజమానికి క్షౌరం చేసేటప్పుడూ ఇదే వరస, దర్భపోచతో ఆ మాట, కత్తితో ఈ మాట. ఆ స్తంభానికి చివరికి కట్టేది బలిపశువుని అని తెలిసినవాళ్లకి ఇదంతా వేళాకోళంలా ఉంటుంది, నాకూ కొంత అలాగే ఉంటుంది. అయినా గొడ్డలితో చెప్పిన ఆ మాటని కొట్టిపారేయలేను. తెంపొద్దని గొడ్డలికి చెప్పలేదు. తెంపు గానీ హింస పెట్టకు అన్నారు. ఆ రెంటికీ మధ్య జాగా ఉందని నమ్మారు.

ఆ జాగా ఎంతో నేను తపసి చెట్టు దగ్గర చూశాను. తూర్పు కనుమల్లో రాళ్ల వాలుల మీద పెరుగుతుంది. బెరడు తెల్లగా, కాగితంలా పొరలు లేస్తూ ఉంటుంది. ఎండాకాలానికి ఆకులన్నీ రాల్చి ఒంటి మీద ఏమీ లేకుండా నిలబడుతుంది. దాని బంకకు ఎగుమతి గిరాకీ ఉంది, మందుల్లోకీ, కట్టుడు పళ్లు అతుక్కునే పొడుల్లోకీ వెళ్తుంది. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ ఏజెన్సీలో దీన్ని కొంటుంది. ఒకప్పుడు గొడ్డలితో లోతుగా గంట్లు పెట్టేవారు. బంక ధారగా వచ్చేది, గాయం చెక్క దాకా దిగేది, పురుగూ కుళ్లూ చేరి కొన్నేళ్లకు చెట్టు ఎండిపోయేది. ఆ తరవాత కోవెల్ ఫౌండేషన్ లాంటివాళ్లు ఊరూరా తిరిగి వేరే పద్ధతి నేర్పారు. నిండుగా ఎదిగిన చెట్టునే ఎంచుకోవాలి. బాగా పదునున్న చిన్న కత్తితో, చెక్కని ముట్టకుండా, బెరడు వరకే, చిన్న గాటు పెట్టాలి. బంక ఎండి ముద్దగట్టాక ఒలుచుకుని, ఆ గాటు పై అంచునే పల్చగా ఇంకో చీలిక తీయాలి. కొన్నాళ్లు పోయాక చెట్టుకి విశ్రాంతి ఇవ్వాలి.

ఒక పెద్దమ్మ అలా తీస్తుంటే దగ్గర కూర్చుని చూశాను. బొటనవేలు కత్తి వెన్ను మీద ఆనించి, అలుగుని దాదాపు పడుకోబెట్టి, తనవైపు కాకుండా పక్కకి లాగింది. గోరంత మందం చీలిక చుట్ట చుట్టుకుని కిందపడింది. గాటు అంచు గీత గీసినట్టుంది. కాసేపటికి ఆ అంచు పొడుగునా నీటిబొట్ల లాంటి బంక ఊరింది. మొద్దు కత్తితో అదే పని చేస్తే అంచు పీచులు లేస్తుంది. గాయం మూసే కొత్త కణజాలం అంచుల నుంచే పెరగాలి గనక, చిరిగిన అంచు ఆలస్యంగా మానుతుంది, కొన్నిసార్లు మానదు. పాఠం చెప్పేదాన్ని కాబట్టి నాకీ శాస్త్రం ముందే తెలుసు. ఆమెకి పాత గాట్ల మచ్చలు తెలుసు. ఏ ఏడు ఏది పెట్టిందో చెట్టు చుట్టూ తిరిగి చూపించింది, అన్నీ పూడిపోయి ఉన్నాయి. పదును ఎక్కువయ్యేకొద్దీ హింస తగ్గడం నేను కళ్లతో చూసింది అక్కడే. అప్పటి నుంచి అడవికి వెళ్లే ముందు రాత్రి సానరాయి తీయకుండా పడుకోను. ఇరవై మొక్కలైనా లేని చోట ఒక్కటి కూడా తవ్వొద్దని మా శాస్త్రంలో ఒక వాడుక ఉంది. కత్తి ఒర దాటేముందు లెక్కపెట్టడం కూడా ఆ సానలో భాగమే అనుకుంటాను.

కత్తిని ఇంకొకరికి ఎరువివ్వొచ్చా అన్న సంగతి ఇంకా తేలలేదు. సమంతభద్రుడి రత్నకరండ శ్రావకాచారంలో జైన గృహస్థులకు ఒక నియమం ఉంది: హింసకు దారితీసే వస్తువులు ఒకరికి ఇవ్వడమే ఒక హింస. జాబితాలో గొడ్డలీ కత్తీ నిప్పూ సంకెళ్లూ ఉన్నాయి, సరే. తవ్వే పనిముట్టు కూడా ఉంది, రాముడు అడిగి తీసుకున్నదే. మన్నులో ఎన్ని ప్రాణులుంటాయో లెక్కపెట్టుకున్నవాళ్లు మరి. పూర్తిగా ఒప్పుకుంటే నేను ఏ విద్యార్థికీ కత్తి ఇవ్వకూడదు, నాకు చేసిచ్చిన కమ్మరి చేసి ఉండకూడదు. అతను మాత్రం సమ్మెట ఎత్తేముందు "దేనికమ్మా?" అని అడిగాడు. మొక్కలకి అంటే, ఎలాంటి మొక్కలకి అన్నాడు. అడిగే వీలు అతనికి ఉంది, మనిషి ఎదురుగా ఉంది కాబట్టి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు ముద్దలు తీసిన కమ్మరులకి ఆ వీలు లేకపోయింది. పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కుపోయేవారు, ఆ ఉక్కు ఏ యుద్ధంలో ఎవరి మెడ మీద తేలిందో కొలిమి దగ్గర తెలిసేది కాదు. నేను ఇప్పుడు ఎవరైనా కత్తి అడిగితే కమ్మరిలాగే అడుగుతాను, దేనికి అని. "ఊరికే, చూద్దామని" అంటే ఇవ్వను. పిసినారినని పేరొచ్చింది.

ఈ సిద్ధాంతమంతా మా అక్క దగ్గర పారదు. ఆవిడ సామ్రాజ్యం కత్తిపీట. అందులో అలుగు కదలదు, కాలి కింద తొక్కిపట్టి ఉంటుంది, కూరగాయే దాని దగ్గరికి వెళ్తుంది. అందుకే నా కత్తి అంటే ఆవిడకి చిన్నచూపు. మహర్నవమి నాడు మాత్రం దాన్నీ వదలదు. పీట మీద కత్తిపీట, కత్తెర, సుత్తి, స్కూటర్ తాళం, వాటి పక్కన నా కత్తి. పసుపు నీళ్లతో కలిపి బొట్టు అలుగు మీదే పెడుతుంది. అది తుప్పు పట్టని స్టీలు కాదు, సాయంత్రానికి బొట్టు కింద ఎర్రటి మచ్చ తేలుతుంది. పిడి మీద పెట్టవే అంటే వినదు, పని చేసేది పిడా అంటుంది. ఆ రోజు ఏ పనిముట్టూ ముట్టుకోకూడదు, కూరలు కూడా ముందు రోజే తరిగి పెడుతుంది.

పోయిన దసరాకి నా వాదం ఆవిడకి వినిపించాను. పనిలేని కత్తే ప్రమాదం అంటున్నానే, మరి నువ్వు దానికి పని మాన్పించి మరీ పూజ చేస్తున్నావు, ఆ ముని చేసిందీ అదే కదా అన్నాను. దీపం ఒత్తి సరిచేస్తూ తల తిప్పకుండా, "ఆయన చేతిలో పెట్టుకు తిరిగాడే. ఇది పీట మీద ఉంది, నీ చేతిలో లేదు" అంది.

మర్నాడు దశమి. పొద్దున్నే కొబ్బరికాయ పీచు తీయాలి, ఆ నీ కత్తి ఇలా పెట్టు అంది. చేతికి చేతికి కత్తి అందుకోదు, కింద పెడితేనే తీసుకుంటుంది. దేనికని అడిగి, పీచుకి ఇది పనికిరాదు, అంచు పోతుంది, ఆ వంకీ కత్తి తీసుకో అన్నాను. పూజ చేయించుకునేటప్పుడు లేని బెట్టు ఇప్పుడెందుకే దీనికి అని, వంకీ కత్తి వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్లింది.